తీగలేని వార్తల వల

గడచిన వర్షకాలమున నొకనాటి సాయంకాలము మేము మాదాపూరునందు మా దగ్గరి బంధువుల యింట నుంటిమి. అది పదునాలుగంతస్తుల కట్టడము. ఆకాశమునకు చిల్లిపడినట్లు వాన కురియుచుండెను. మొదట కరెంటు పోయెను. జనరేటరు కొంతసేపు మ్రోగి, నేలమాళిగలోనికి నీరు వచ్చుటతో నిలిచిపోయెను. మఱి గంటన్నరకు అందఱి చేతులలోని సెల్‌ఫోనులును మూగవోయినవి. వానిలో ఛార్జింగు లేక కాదు. వానికి మాట నందించు టవరునకే ఊపిరి పోయినది. ఆ యింటి చిన్నకోడలు హైటెక్ సిటీ దాపున తన కార్యాలయమున చిక్కుకొని యున్నది. ఆమెకు ఏడవ నెల. అత్తగారు దేవునిగదిలో దీపము వెలిగించి కూర్చుండిరి. మామగారు బాల్కనీ విడిచి కదలలేదు.

రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట కబురు తెలిసినది. వచ్చిన విధము వినదగినది. ఆ కార్యాలయపు కావలివాడు వీధిమలుపునందలి కావలివానితో చెప్పెను. అతడు నీరు నిండిన వీధిని విడిచి, మెట్టననున్న వేఱొక వీధి కావలివానికి అందించెను. అతనినుండి ఒక ఆటో నడుపువానికి, అతనినుండి మా కట్టడపు కావలివానికి కబురు చేరెను. కోడలు క్షేమమనియు, ఆ రాత్రికి తోటి యుద్యోగిని యింట నుండుననియు నాలుగు చేతులు మాఱి వచ్చిన యా వార్త అక్షరము చెడకుండ మామగారి చెవిని పడెను.

మా చుట్టును ఒక్కొక్క జేబునందును రేడియో యున్నది. సెల్‌ఫోను అనగా రేడియోయే గదా! ఆ కట్టడమునందే మూడువందలకు తక్కువగాని రేడియోలుండును. వీధి పొడుగున వేలకొలది. అయినను అవి ఒకదానితో నొకటి మాటలాడనేరక, అన్నియు దూరముననున్న ఒక్క టవరు ముఖమే చూచుచుండుటచేత, అది పడిపోగానే అన్నియు రాళ్లయిపోయినవి. నలుగురు మనుష్యులు గొడుగులు పట్టుకొని చేసిన పనిని ఇన్ని వేల యంత్రములు చేయలేకపోయినవి. ఇట్టి పని యంత్రములచేత చేయింపవచ్చునా, చేయించినచో అవి దెబ్బలకు తాళునా అను విచారణ ప్రపంచమున అరువది యేండ్లకు పైగా సాగుచున్నది. దాని చరిత్రను మన యూరి చరిత్రతో కలిపి చదువరుల ముందుంచుట మా యుద్దేశము.

హైదరాబాదునకు రేడియో వచ్చిన కథ చాలమందికి తెలియదు. 1933లో మహబూబ్ అలీ యను నొక ఉత్సాహి చిరాగ్ అలీ గల్లీలో 200 వాట్ల చిన్న స్టేషను నెలకొల్పెను. 1935 ఫిబ్రవరి 3వ తేదీన నిజాము ప్రభుత్వము దానిని తన చేతిలోనికి తీసికొనెను. అదియే దక్కన్ రేడియో. సంస్థానమంతయు ఒక్క నోటితో వినవలసిన నోరు అదియే. అట్టి యేర్పాటులోని బలమును బలహీనతయు 1948 సెప్టెంబరు 17వ తేదీన ఒకేసారి కనబడినవి. భారత సైన్యము లోపలికి ప్రవేశించిన నాలుగు దినములకు నిజాము ఆ స్టేషనునుండియే తన లొంగుబాటును ప్రజలకు తెలిపెను. స్టేషను ఎవనిచేత నున్నదో ఊరి గొంతుక వానిచేత నున్నది. 1950 ఏప్రిల్ 1వ తేదీన అది ఆకాశవాణిలో కలిసెను.

దీనికి ప్రక్కగా మఱియొక రేడియోను నిలుపుదము. 1942 ఆగస్టున క్విట్ ఇండియా తీర్మానమైన పిమ్మట నాయకులందఱు జైళ్లలో పడగా, బొంబాయిలో ఉషా మెహతా యను 22 ఏండ్ల విద్యార్థినియు ఆమె తోటివారును కాంగ్రెస్ రేడియోను మొదలిడిరి. ఆగస్టు 27వ తేదీన మొదటి ప్రసారము జరిగెను. వారి యంత్రము ఒకచోట నిలిచినది కాదు. పోలీసు బండ్లు దాని జాడ వెదకుచు వీధుల తిరుగుచుండగా, అది ఒక యింటినుండి మఱియొక యింటికి మకాము మార్చుచు దాదాపు మూడు నెలలు పలికినది. నవంబరు 12వ తేదీన పట్టుబడినది. దానిని పట్టించినది పోలీసువారి పరికరములకంటె తమలోని యొక సాంకేతికుడు చెప్పిన యాచూకీయే. ఈ చిన్న వివరమును చదువరులు మనస్సున నుంచుకొనవలెను. దానితో మనకు మఱల పని పడును.

తెగినను బ్రతుకు వార్తామార్గమును గూర్చి లెక్క కట్టి చూచినవారిలో ముఖ్యుడు పాల్ బారన్. అమెరికాలోని రాండ్ సంస్థలో పనిచేయుచు 1964లో ఆయన వరుసగా నివేదికలు ప్రకటించెను. అణుబాంబులు పడి సగము కేంద్రములు నశించినను మిగిలినవి ఒకదానితో నొకటి మాటలాడుకొనుట యెట్లు? ఇది ఆయన ప్రశ్న. అన్ని తీగలును ఒక్క నడిబొడ్డునకు చేరిన వల ఒక్క దెబ్బకు పోవును. చేపల వలవలె ప్రతి ముడియు చుట్టునున్న ముళ్లతో కట్టుబడి యున్నచో, చాల ముళ్లు తెగినను వల వలగానే యుండును. ఇంతవరకు ఎవరైనను ఊహింపగలరు. బారన్ లెక్కలో వచ్చిన వింత యేమనగా, ప్రతి ముడికి మూడు నాలుగు బంధములున్న చాలును. అంతకు మించి కట్టిన బంధములవలన వచ్చు లాభము స్వల్పము. లోభివలె ఒక్క బంధముతో సరిపెట్టుట ఎంత తప్పో, భయముచేత పది పది కట్టుటయు అంత దుబారా.

ఈ లెక్క యొక్క స్వభావమును ఇంటిలో కూర్చుండియే గ్రహింపవచ్చును. ఒక కబురు అయిదుగురి చేతులు మాఱి పోవలెననుకొందము. ఒక్కొక్కడు పదింట తొమ్మిదిసారులు దానిని సరిగా అందించును. అయిదుగురిలో ఎవడు తప్పినను కబురు పోయినట్లే. 0.9ని అయిదుసారులు హెచ్చించినచో 0.59 వచ్చును. అనగా నూఱు కబురులలో 59 చేరును. 41 దారిలో పోవును. అందఱును మంచివారే, వరుసగా నిలుచుటచేత వారి మంచితనమంతయు సగమునకు కొంచెము పైబడి ఆగినది. ఇప్పుడు అదే కబురును వేఱొక అయిదుగురి వరుసలో కూడ పంపుదము. రెండు వరుసలలో ఒకటైనను అందించు అవకాశము నూటికి 83. మూడవ వరుస చేర్చిన 93. మనుష్యుల నేమియు బాగుచేయలేదు, దారులను హెచ్చించితిమి. గణితశాస్త్రమున దీనికి పునాదియైన సిద్ధాంతమును 1927లో కార్ల్ మెంగర్ నిరూపించియుండెను. రెండు చోట్లనడుమ ఒకదాని ముడిని మఱియొకటి తాకని దారులు ఎన్ని యున్నవో, ఆ రెండింటిని విడదీయుటకు కనీసము అన్ని ముళ్లను తెంపవలెను.

అయితే ఈ లెక్క యంతయు ఒక్క మాటమీద నిలిచియున్నది. ఒక వరుస చెడినంతమాత్రమున రెండవ వరుస చెడదని మనము ఊహించితిమి. ఈ ఊహ తప్పినచో 93 అను అంకె కాగితమున తప్ప ఎక్కడను ఉండదు. దీనికి హైదరాబాదు ఇచ్చిన పాఠము కంటె పెద్ద పాఠము మాకు తెలియదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినది. వేలమంది చనిపోయిరి. ఆ వరదను పరిశీలించుటకు వచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు, కేవలము ఏటిలోని నీటినే గాక, ఎగువనున్న చెఱువులను కూడ లెక్కింపవలసివచ్చెను. మూసీ పరివాహమున వందలకొలది గొలుసుకట్టు చెఱువులుండెను. ఒక చెఱువు అలుగు నీరు క్రింది చెఱువునకు పోవునట్లు మన పెద్దలు కట్టిన యేర్పాటది. కరవుకాలమున ఒకదానికొకటి అండ. అతివృష్టి వచ్చిననాడు పై చెఱువు తెగి క్రిందిదానిపై పడెను; అది తెగి దాని క్రిందిదానిపై పడెను. ఇట్లు రెండువందలకు పైగా చెఱువులు తెగినవి. అండగా కట్టినది ఆపదను మోసికొనివచ్చినది. పలు రక్షణలున్నవని మురియువారు, అవన్నియు ఒకే నీటికి, ఒకే తీగకు, ఒకే యింధనమునకు కట్టుబడి యున్నవేమో ముందుగా చూచుకొనవలెను. మాదాపూరున ఆ రాత్రి జరిగినదియు ఇట్టిదే. వేఱు వేఱు కంపెనీల టవరులు వేఱు వేఱుగా నిలిచియున్నవి. వాని కరెంటు మాత్రము ఒకే దిక్కునుండి వచ్చుచున్నది.

తుపాను సంగతి కోస్తావారికి చెప్పనక్కఱలేదు. 1977 నవంబరు 19న దివిసీమపై ఉప్పెన విఱుచుకొనిపడి, సర్కారు లెక్క ప్రకారమే పదివేలమంది ప్రాణములు పోయినపుడు, తంతి స్తంభములును టెలిఫోను తీగలును మొదటనే కూలినవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్టణమును తాకినపుడు తీగలు తక్కువ, టవరులు ఎక్కువ. అయినను ఊరు కొన్ని దినములు మూగదియే. నడుమ ముప్పదియేడేండ్లలో యంత్రములు మాఱినవి గాని, ఒకచోటినే నమ్ముకొను పద్ధతి మాఱలేదు.

పద్ధతి మార్చి చూపినవారు లేకపోలేదు. వారు హైదరాబాదువారే. 1983లో మన నగరమున జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ యేర్పడినది. అమెచ్యూర్ రేడియో అనగా లాభాపేక్షలేక, పరీక్ష యిచ్చి, సర్కారు అనుమతితో సొంత రేడియో నడుపుకొనుట. ఇట్టివారిని హామ్‌లందురు. ప్రతివారికిని ఒక సంకేతనామముండును. మన దేశమువారి పేరులు ‘వి.యు.’ అను అక్షరములతో మొదలగును. టవరు లేదు, ఎక్స్ఛేంజి లేదు. ఒక కారు బ్యాటరీ, ఒక రేడియోపెట్టె, రెండు చెట్లనడుమ కట్టిన తీగ, ఇంతే సామగ్రి. అనుకూలించిననాడు ఆ స్వరము ఆకాశపు పైపొరలను తాకి మఱల భూమికి వంగి వేల మైళ్లు పోవును. చాలకాలము దీనిని వేడుక యనియే జనులెంచిరి. 1999 అక్టోబరులో ఒడిసా పెనుతుపాను, 2001 జనవరిలో గుజరాతు భూకంపము వచ్చినపుడు హామ్‌లు తమ పెట్టెలు మోసికొనిపోయి వార్తలు నడపిన పిదప ఆ యభిప్రాయము కొంత మాఱినది.

2004 డిసెంబరు కథను మేము కొంచెము తీఱికగా చెప్పదలచితిమి. అండమాన్ నికోబార్ దీవులలో అమెచ్యూర్ రేడియోకు ఏండ్లతరబడి అనుమతి లేకుండెను. సరిహద్దు దీవులు, సైనిక స్థావరములు, రహస్యముల భయము. హైదరాబాదు సంస్థకు చెందిన శ్రీమతి డి. భారతీ ప్రసాద్ ఈ యనుమతికై సంవత్సరములు కార్యాలయముల చుట్టు తిరిగెను. ఆమె గృహిణి. తన పనియంతయు ముగించుకొని రేడియో ముందు కూర్చుండుట ఆమె యలవాటు. తుదకు అనుమతి లభించి, ఆ డిసెంబరు నెలలో తోడి హామ్‌లతో పోర్టుబ్లెయరు చేరి ‘వి.యు.4 ఆర్.బి.ఐ.’ అను సంకేతమున ప్రపంచమునందలి ఔత్సాహికులతో మాటలాడసాగెను. అప్పటికి అది వేడుకయే. అండమానునుండి ఒక పలుకు విన్నచో తమ పట్టికలో ఒక గుర్తు పెట్టుకొనవచ్చునని దేశదేశములవారు వరుసలు కట్టిరి.

డిసెంబరు 26వ తేదీ ఉదయము ఆఱున్నర గంటల ప్రాంతమున భూమి కదలినది. సుమాత్రా తీరమున పుట్టిన యా కంపము మానవులు కొలిచినవానిలో మిక్కిలి పెద్దవానిలో నొకటి. భూమి యదరిన సంగతిని ఆమె రేడియోలోనే చెప్పి వెలుపలికి పరుగెత్తెను. కొంతసేపటికి మఱల పెట్టె ముందు కూర్చుండెను. దీవుల టెలిఫోనులు తెగినవి. వేడుకకై తెచ్చిన యంత్రము ఆ క్షణమునుండి దీవులకును ప్రధానభూమికిని నడుమ వార్తావారధి యైనది. రాత్రింబవళ్లు ఆమెయు తోటివారును క్షేమసమాచారములు నడపిరి. తరువాత హామ్‌లు కార్ నికోబార్ వంటి దెబ్బతిన్న దీవులకు పోయి అక్కడను కేంద్రములు పెట్టిరి; అక్కడివారి మాట పోర్టుబ్లెయరునకు, అక్కడనుండి ప్రధానభూమికి, అందుండి బంధువులకు. కావలివాండ్ర వరుసయే యిది. దూరము మాత్రము సముద్రమంత.

ఇందులో మేము మెచ్చుకొను విషయము ధైర్యమొక్కటే కాదు. అనుమతి ఒక నెల యాలస్యమైనచో ఏమయ్యెడిదో ఆలోచింపుడు. భయముచేత రేడియోను నిషేధించిన చట్టము, ఆపదవేళ కావలసిన గొంతుకను కూడ నిషేధించుచుండెను. సర్కారువారి భయము బొత్తిగా అర్థము లేనిది కాదు. తీగలేని మాటను శత్రువు కూడ వాడుకొనును. 1942లో బొంబాయి పోలీసువారికి ఉషా మెహతాగారి పెట్టె అట్టి శత్రువే. అయినను ఒక సాధనమును దుష్టులు వాడుదురని మంచివారి చేతినుండి లాగివేయుటలో, ఎవరు ఎక్కువ నష్టపోవుదురో లెక్కించి చూచిన కార్యాలయమును మేము కనుగొనలేదు.

హామ్‌ల వలలో ప్రతి ముడియందును మనుష్యుడు కూర్చుండవలెను. మనుష్యుడు లేకయే యంత్రములు తమంత తాము ఇట్లు అల్లుకొనునట్లు చేయవచ్చునా యని శాస్త్రజ్ఞులు పూనుకొనిరి. 1971లో హవాయి దీవులలో నార్మన్ అబ్రామ్సన్ బృందము దీవినుండి దీవికి గణనయంత్రపు సమాచారమును రేడియోపై నడపిరి. 1976 ఆగస్టున కాలిఫోర్నియాలో ఒక పానశాల వెలుపల బల్లమీద నొక టెర్మినలును పెట్టి, ప్రక్కన నిలిపిన బండిలోని రేడియోద్వారా నివేదిక పంపిరి. ఇంతటి మార్పునకు అంత సామాన్యమైన చోటు దొరకుట మాకు ముచ్చట. క్రమముగా టవరులేని యిట్టి వలలకు ‘యాడ్ హాక్’ వలలని పేరు వచ్చినది. అప్పటికప్పు డల్లుకొను వలయని మనము చెప్పుకొందము. ఇందులో ప్రతి యంత్రమును తన మాట తాను చెప్పుకొనును, పొరుగుయంత్రపు మాటను మోయును కూడ.

అట్టి వల ఒక్కటిగా నిలుచుటకు ఒక్కొక్క యంత్రమునకు ఎందఱు పొరుగువారుండవలెను? 1961లో ఎడ్గార్ గిల్బర్టు ఈ లెక్కకు దారి తీసెను. నేలపై యిష్టము వచ్చినట్లు చల్లిన ముళ్లలో సగటున నాలుగున్నర పొరుగుముళ్లకు తగ్గినచో వల చిన్న చిన్న తునకలైపోవునని తరువాతి గణనలు తేల్చినవి. ఈ హద్దు వద్ద మార్పు మెల్లగా రాదు. గడ్డకట్టుచున్న పెరుగువలె ఒక్కసారిగా వచ్చును. 1978లో క్లైన్‌రాక్, సిల్వెస్టర్ అనువారు ఆఱు అను సంఖ్య మేలని చెప్పిరి. వల పెరిగినకొలది ఏ నిలుకడ సంఖ్యయు చాలదనియు, పొరుగువారి సంఖ్య కూడ మెల్లగా పెరుగుచుండవలెననియు 2004లో ఫెంగ్ షూయె, పి. ఆర్. కుమార్ చూపిరి. మద్రాసు ఐ.ఐ.టి.లో చదివిన యీ కుమార్‌గారే 2000లో పీయూష్ గుప్తాతో కలిసి మఱియొక చేదుమాట చెప్పియుండిరి. వలలో ముళ్లు నూఱింతలైనచో ఒక్కొక్కనికి దక్కు మాటల పాలు పదింట ఒకవంతుకంటెను తగ్గును. అందఱు అందఱి మాటలను మోయుచుండగా తన మాటకు తావు తగ్గక తప్పదు గదా. టవరులను పడగొట్టి ఊరంతయు ఇట్టి వలలతోనే నడపవలెనను అత్యుత్సాహులు దీనిని చదువవలెను.

ఇక దెబ్బల సంగతి. దెబ్బ రెండు విధములు. బ్యాటరీ యయిపోవుట, పిడుగుపడుట, నీట మునుగుట, ఇవి దైవికములు, ఎవనినైనను తాకును. బుద్ధిపూర్వకముగా కొట్టువాడు మాత్రము ఎక్కడ కొట్టవలెనో చూచి కొట్టును. 2000లో ఆల్బర్ట్, జియాంగ్, బరబాసీ యనువారు చూపినదిదియే. కొన్ని పెద్ద ముళ్లమీద ఆధారపడిన వలలు గ్రుడ్డిదెబ్బలకు ఆశ్చర్యముగా తాళును. ఎంచి కొట్టిన దెబ్బలకు అంత ఆశ్చర్యముగా కూలును. చీకటిలో రాయి విసరినవాడు ఊరి కరణమును కొట్టుట అరుదు, పగవాడు మొదట కొట్టునది కరణమునే.

ఈ రెంటికిని నడుమ మూడవదొకటి కలదు. అది మన సంఘమునకు బాగుగా తెలిసినదే. ఉత్తర కెరొలైనా రాష్ట్ర విశ్వవిద్యాలయమున ఫీ షింగ్, వెన్యే వాంగ్ అనువారు 2010లో ప్రకటించిన పరిశోధనలో ప్రతి ముడికిని నాలుగు స్థితులను కల్పించిరి: సహకారి, స్వార్థి, ద్రోహి, మృతుడు. సహకారి తన మాటను, పొరుగువాని మాటను రెండింటిని మోయును. స్వార్థి తన మాటలు మాత్రము ఇతరులచేత మోయించుకొని, తాను ఎవనిదియు మోయడు. తన బ్యాటరీ మిగుల్చుకొనును. ఒక ముడి ఎంతకాలము ఏ స్థితిలో నుండును, ఎంత తఱచుగా ఒకదానినుండి మఱియొకదానికి మాఱును అని గణించి, ఏ క్షణమున ఎంతమంది సహకారులు మిగులుదురో, వారిలో వారు ఒక్క వలగా నిలుతురో లేదో వారు లెక్కకట్టిరి. సామాన్య విధి యేమనగా, పొరుగువా రెందఱని కాదు, సహకరించు పొరుగువా రెందఱని లెక్కింపవలెను. పదిమంది పొరుగువారున్నను ఎనమండ్రు స్వార్థులైనచో ఇద్దఱే ఉన్నట్లు. ఇంకొక విశేషము: సహకారియే బ్యాటరీ తగ్గినకొలది స్వార్థి యగును. పుట్టుస్వార్థి వేఱు, లేమిచేత స్వార్థియైనవాడు వేఱు. వలకు మాత్రము ఇద్దఱును ఒక్కటే.

మన జిల్లాలలో కుడిమరామత్తు అను ఆచారముండెడిది. చెఱువుక్రింద పండించుకొను ప్రతి రైతును యేటేట కాలువ పూడిక తీయుటకు తన వంతు మనిషిని పంపవలెను. నీరు తీసికొని మనిషిని పంపనివాడొకడుండగా మొదట ఎవరును పట్టించుకొనరు. ఇద్దఱు, ముగ్గురు అట్లు చేయగా నాలుగవవాడు తానేల పంపవలెనని అడుగును. కొన్నాళ్లకు కాలువ పూడును. సర్కారు 1858లో మద్రాసు రాజధానియందు దీనికై చట్టముకూడ చేసెను. చట్టమువలన కాలువలు బాగుపడినట్లు మేము వినలేదు. యంత్రముల లోకమున ఈ రోగమునకు 2000లో స్టాన్‌ఫర్డునందు ఒక మందు సూచించిరి. నీవు పొరుగుముడికి మాట నిచ్చిన పిదప, అది దానిని ముందునకు పంపుచున్నదా యని చెవియొగ్గి వినుము. పంపకున్నచో ఇకమీదట వేఱుదారిని చూచుకొనుము. కావలికుక్క పద్ధతియని దాని పేరు. మందు మంచిదే గాని, రెండు ధ్వనులు ఢీకొని మాట చెడినపుడు పొరుగువాడు పంపలేదని అన్యాయముగా నిందమోపును. ఇరుగుపొరుగు తగవులెఱిగినవారికి ఇది క్రొత్తగాదు.

ద్రోహి స్వార్థికంటె వేయిరెట్లు ప్రమాదకారి. గమ్యమునకు తనవద్దనే దగ్గరిదారి కలదని అతడు చాటును. చుట్టునున్న ముళ్లన్నియు అతనికే మాట లిచ్చును, అతడు మ్రింగివేయును. చుట్టును ఎందఱు సజ్జనులున్నను ఒక్క ద్రోహి చాలును. ఇద్దఱు ద్రోహులు కలిసి తమలో తాము దొంగదారి యేర్పఱచుకొని, నాలుగు వీధుల అవతలి మాటను ప్రక్కయింటి మాటయని నమ్మింతురు. దీనిని పట్టుటకు 2003లో చెప్పిన యుపాయము మనోహరమైనది: ఏ మాటయైనను వెలుతురుకంటె వేగముగా పోజాలదు గనుక, బయలుదేరిన వేళను మాటతోనే వ్రాసి పంపినచో, ఎంతదూరమునుండి వచ్చినదో దాచలేరు. లోపలి ద్రోహులు ఎందఱివరకు సహింపవచ్చునను ప్రశ్నకు 1982లో లాంపోర్ట్, షోస్టాక్, పీజ్ ఇచ్చిన జవాబు కచ్చితమైనది. సంతకములేని మాటలతో వ్యవహరించుచో నలుగురిలో ఒక ద్రోహిని సహింపవచ్చును. ముగ్గురిలో ఒకనిని సహింపలేము. బొంబాయి రేడియోను పోలీసు బండ్లు మూడు నెలలు పట్టలేకపోగా లోపలివాడొకడు పట్టించిన సంగతి చదువరులు మఱవలేదనుకొందుము.

ఇంత చదివిన పిదప హైటెక్ సిటీని మఱల చూతము. 1998 నవంబరు 22న ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించునాటికి ఆ ప్రాంతమున బండలే ఎక్కువ. అదే యేట గచ్చిబౌలిలో అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ మొదలైనది. దాని 66 ఎకరముల ప్రాంగణమున 2022లో ‘వై-సన్’ అను పద్ధతితో ఒక తీగలేని వలను నెలకొల్పిరి. దేశమున ఒక ప్రాంగణమంతట ఇట్టిది పఱచుట అదియే మొదలు. వీధిదీపపు స్తంభమునకు తగిలించిన చిన్న పెట్టె ప్రక్క స్తంభముతో మాటలాడును. అది దాని ప్రక్కదానితో. నడుమ నొకటి చెడినచో మాట తనంత తాను వేఱు స్తంభముమీదుగా దారి త్రిప్పుకొనును. నీరు నిండిన వీధిని విడిచిన మా కావలివాని బుద్ధి ఆ పెట్టెకు వచ్చినదన్నమాట. అయితే ఈ వలలోని దారులన్నియు చెట్టుకొమ్మలవలె ఒక వేరునకు చేరును. ఆ వేరువద్దనున్న పెట్టె యొక్కటే బయటి లోకమునకు ద్వారము. కొమ్మలు ఒండొంటికి ఆసరా యిచ్చును గాని వేరునకు వేఱొక వేరు తోడుండవలెను. దీనిని తప్పుగా మేము చెప్పుటలేదు. విద్యుత్తు మీటరులకును దీపములకును ఇది చాలినంత మేలు. ఆపదవేళ మనుష్యుల మాటకు ఇట్టిదానినే ఆధారము చేయదలచినవారు మాత్రము వేరులను లెక్కపెట్టుకొనవలెను.

జేబులోని ఫోనులనే ఇట్లు అల్లించుట అసాధ్యము కాదు. 2014లో హాంకాంగు విద్యార్థులు ఆందోళనవేళ ఫోనునుండి ఫోనునకు పోవు సాధనమును వేలకొలది వాడిరి. అందులో అందఱి మాటలు అందఱికి వినబడుచుండెను, పోలీసువారికిని వినబడును. సంతకమును రహస్యమును లేని వల ద్రోహికి తెఱచిన తలుపని పై లెక్కయే చెప్పుచున్నది. కంపెనీలు ఈ గుణమును ఫోనులలో సహజముగా పెట్టకపోవుటకు బ్యాటరీని సాకుగా చెప్పుదురు. అది కొంత నిజమే. పొరుగువాని మాటను ఉచితముగా మోయు ఫోనువలన ఎవనికిని బిల్లు రాదనుటయు అంతే నిజము.

పోర్టుబ్లెయరు గృహిణి చేసినట్లు చేయుటకు కంపెనీల దయ యక్కఱలేదు. మన దేశమున పండ్రెండేండ్లు నిండినవారెవరైనను అమెచ్యూర్ పరీక్షకు కూర్చుండవచ్చును. మొదటి మెట్టునకు మోర్స్ సంకేతములు కూడ రానక్కఱలేదు. కొంచెము విద్యుచ్ఛాస్త్రము, కొంచెము నిబంధనల జ్ఞానము చాలును. పదవతరగతి పిల్లకు అర్థము కానిది అందులో లేదు.

మొన్న మేము మఱల మాదాపూరు బంధువుల యింటికి పోయితిమి. చిన్నకోడలు బిడ్డను ఒడిలో నుంచుకొని ఆ పరీక్ష పుస్తకము చదువుచుండెను. మామగారు ఆమెకొఱకు రేడియోపెట్టె ధర విచారించుచున్నారు. చిక్కంతయు మేడమీద తీగ కట్టుట యందు వచ్చినది. కట్టడపు సంఘమువారు తీగవలన మేడ శోభ చెడునని అభ్యంతరము చెప్పిరట. ఆ నేలమాళిగలోనికి నీరు వచ్చిన రాత్రి తాము కూడ పిల్లల జాడ తెలియక మెట్లమీద కూర్చున్నవారే. వచ్చు ఆదివారము సమావేశము పెట్టిరి. కావలివానిని కూడ పిలువవలెనని మామగారు పట్టుబట్టియున్నారు.